బేర్డెడ్ డ్రాగన్ కోసం ఇంట్లో డూబియా బొద్దింకల పెంపకం

అమెరికాలోని తెలుగువారి ఇళ్లలో పిల్లల కోరిక మీద చేరుతున్న పెంపుడు జంతువుల్లో బేర్డెడ్ డ్రాగన్ ఒకటి. ఆస్ట్రేలియాలోని ఎండు ప్రాంతాలకు చెందిన ఈ తొండజాతి ప్రాణికి ఆకుకూరలతో పాటు బతికున్న పురుగులు కూడా కావాలి. వాటిని వారం వారం దుకాణంలో కొనడం కంటే ఇంట్లోనే డూబియా బొద్దింకలను పెంచుకోవడం మేలు. ఇవి కీచురాళ్లలా అరవవు, అంత తొందరగా చచ్చిపోవు, పెట్టె పొడిగా ఉంటే వాసన కూడా దాదాపుగా రాదు. ఈ పెంపకం చెడిపోవడానికి నాకు తెలిసి ముఖ్యమైన కారణాలు రెండే: వేడి చాలకపోవడం, సంతానం నిలదొక్కుకోకముందే పురుగులను తీసి తినిపించేయడం. అందుకే ఈ వ్యాసంలో ఆ రెండింటి గురించే ఎక్కువగా చెబుతాను.

బొద్దింక అనగానే ఇంట్లో పెద్దవాళ్లు అభ్యంతరం చెప్పడం సహజమే కనుక, వాళ్లకు ముందుగా ఒక మాట చెప్పాలి. డూబియా దక్షిణ అమెరికాకు చెందినది. మన వంటింటి సింకు కింద తిరిగే రకం కాదు. నున్నటి ప్లాస్టిక్ గోడను, గాజును ఇది ఎక్కలేదు. మగవాటికి పొడవాటి రెక్కలున్నా నిజంగా ఎగరలేవు, ఆడవాటికి రెక్కల మొలకలు మాత్రమే ఉంటాయి. ఒకటీ అరా తప్పించుకున్నా, చల్లగా, పొడిగా ఉండే గదిలో సంతానం పెంచలేవు. ఇంట్లో దొరికిన బొద్దింకలను మాత్రం ఎన్నడూ డ్రాగన్‌కు పెట్టకూడదు. అవి ఎక్కడ ఏ పురుగుమందు తిని వచ్చాయో, ఏ పరాన్నజీవులను మోసుకొస్తున్నాయో తెలియదు. ఫ్లోరిడా, హవాయీ రాష్ట్రాలకు అమ్మకందారులు డూబియాలను పంపరు కాబట్టి, అక్కడ ఉన్నవారు తమ రాష్ట్ర నిబంధనలు చూసుకుని వేరే పురుగును ఎంచుకోవాలి.

పెట్టెకు యాభై, అరవై లీటర్లు పట్టే ప్లాస్టిక్ డబ్బా సరిపోతుంది. లోపలి గోడలు నున్నగా ఉండాలి, వెలుతురు చొరకుండా ముదురు రంగులో ఉంటే మరీ మంచిది. మూత మధ్యలో పెద్ద రంధ్రం కోసి, సన్నటి లోహపు జాలీని జిగురుతో అతికించాలి. దుకాణంలో కోడిగుడ్లు ఉంచే అట్ట ట్రేలను పడుకోబెట్టకుండా నిలువుగా పక్కపక్కనే నిలబెట్టాలి. అలా ఉంటే పెంటికలు కిందికి రాలిపోతాయి, పురుగులకు తిరిగే చోటు ఎక్కువ దొరుకుతుంది. నేల మీద మట్టి గాని రంపపు పొట్టు గాని పరచనక్కర్లేదు.

ఇక వేడి. డూబియాలు పిల్లలు పెట్టాలంటే పెట్టె లోపల కనీసం ఒక పక్క 30 నుంచి 35 డిగ్రీల సెల్సియస్, అంటే 86 నుంచి 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. 20 డిగ్రీల దగ్గర బతికే ఉంటాయి గాని, సంతానం ఆగిపోతుంది. ఎయిర్ కండిషనర్ నడిచే ఇంట్లో గది వేడి సరిపోతుందని అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. డబ్బా బయట ఒక పక్కన, కింది భాగంలో హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలుచటి పట్టీ) అతికించి, దాన్ని తప్పనిసరిగా వేడిని హద్దులో ఉంచే థర్మోస్టాట్‌కు కలపాలి. థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ ప్లాస్టిక్‌ను కరిగించవచ్చు, నిప్పు కూడా పుట్టించవచ్చు. రెండో పక్కను చల్లగా వదిలేస్తే పురుగులు తమకు కావలసిన చోటు తామే చూసుకుంటాయి.

ఎదిగిన డ్రాగన్ ఒక్కటే ఉన్న ఇంటికి ఇరవై, ముప్పై ఆడ పురుగులు, వాటికి ఆరేడు మగవి, వీటితో పాటు రకరకాల సైజుల్లో వంద పిల్లలు ఉంటే మంచి ఆరంభం. మూడు నాలుగు ఆడవాటికి ఒక మగది చాలు. మగవి ఎక్కువైతే ఒకదాని రెక్కలను ఒకటి కొరుక్కుంటాయి. పార్సిల్‌లో వచ్చిన పురుగులు బెదిరి ఉంటాయి కనుక మొదటి కొన్ని వారాలు పెట్టెను ఊరికే కదపకూడదు. ఈ రోజుల్లో ట్రేలు ఎత్తి చూస్తే, ఒక్కోసారి ఆడ పురుగు వెనుక భాగం నుంచి లేత పసుపు రంగు గుడ్ల తిత్తి సగం బయటికి వచ్చి కనిపిస్తుంది. అది తిత్తిని మళ్లీ లోపలికి లాక్కుని, పొట్టలోనే పొదిగి, బతికున్న పిల్లలనే కంటుంది. ఆ సమయంలో దాన్ని బెదిరించినా, వేడి తగ్గినా, నీరు అందకపోయినా తిత్తిని జారవిడిచేస్తుంది. పెట్టె అడుగున అలాంటి తిత్తులు ఎండిపోయి కనిపిస్తున్నాయంటే ఏదో లోటు జరుగుతున్నట్టే.

తగిన వేడి ఉంటే కడుపు నిలిచిన సుమారు రెండు నెలలకు ఒక్కో ఆడది ఇరవై నుంచి నలభై దాకా పిల్లలు పెడుతుంది. బియ్యపు గింజలో సగం ఉండే ఆ పిల్లలు పెద్దవి కావడానికి మరో నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఈ లెక్క చూసుకుంటే, పెట్టెలోనే పుట్టిన పురుగులు తమ వంతుగా పిల్లలు పెట్టేసరికి ఎనిమిది నుంచి పది నెలలు గడుస్తాయి. అంతవరకూ ఒక్క ఆడ పురుగును కూడా తీయకూడదు. డ్రాగన్‌కు కావలసిన మేత బయట కొనుక్కోవాలి. మీ డ్రాగన్ పిల్లదైతే రోజుకు పదుల సంఖ్యలో పురుగులు తింటుంది, కొత్త పెట్టె ఆ ఆకలిని తీర్చలేదు. ఈ నిరీక్షణ కష్టమని నాకు తెలుసు, కానీ దీనికి దగ్గరిదారి లేదు.

మేత సంగతిలో గుర్తుంచుకోవలసింది ఒకటే: బొద్దింక తిన్నదే డ్రాగన్ ఒంటికి చేరుతుంది. గోధుమ తవుడు, ఓట్స్ పొడి ఎప్పుడూ ఒక పళ్లెంలో ఉండాలి. తడి మేతగా క్యారెట్, చిలగడదుంప, గుమ్మడికాయ, ఆపిల్, నారింజ ముక్కలు, ఆవాకు పెట్టవచ్చు. అన్నిటినీ బాగా కడగాలి, ఒకటి రెండు రోజుల్లో మిగిలినవి తీసేయాలి. బూజు పట్టిన ముక్క పెట్టె మొత్తాన్ని దెబ్బ తీయగలదు. అవకాడో అసలు వద్దు. ఉప్పూ నూనే తగిలిన కూర మిగుళ్లు కూడా వద్దు. కుక్కల మేత, పిల్లుల మేత చవకగా దొరుకుతాయని చాలామంది వాడతారు గాని, నేను వద్దంటాను. అదనపు మాంసకృత్తులను బొద్దింకలు యూరిక్ ఆమ్లం రూపంలో ఒంట్లోనే దాచుకుంటాయి, ఆ భారమంతా చివరికి డ్రాగన్ మూత్రపిండాల మీద పడుతుంది. నీళ్లు గిన్నెలో పోస్తే పిల్లలు మునిగిపోతాయి కాబట్టి వాటర్ క్రిస్టల్స్ (నీటిని పీల్చుకుని జెల్లీలా ఉబ్బే గుళికలు) వాడాలి.

పురుగుమందుల విషయంలో ఇల్లంతా ఒక్క మాట మీద ఉండాలి. అపార్ట్‌మెంట్‌లో మందు చల్లేవారు వచ్చే రోజున పెట్టె ఉన్న గదిని వదిలేయమని ముందే చెప్పాలి. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు బొద్దింకలను చంపే చాక్‌పీసు తెచ్చి గుమ్మం దగ్గర గీత గీయడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. ఆ చాక్‌పీసు ముట్టుకున్న చేతితో పెట్టె తెరిచినా పురుగులు చచ్చిపోవచ్చు.

రెండు మూడు నెలలకొకసారి అడుగున చేరిన పెంటికలను జల్లెడ పట్టి తీయాలి. చిన్న పిల్లలు అందులోనే దాక్కుంటాయి కనుక తొందర పడకూడదు, పలుచటి పొరను మిగల్చాలి. ఆ దుమ్ము కొందరికి అలర్జీ తెప్పిస్తుంది, ఉబ్బసం ఉన్నవారికి మరీ ప్రమాదం. అందువల్ల మాస్కు, చేతి తొడుగులు వేసుకుని ఆరుబయట చేయడం మంచిది. ఒక్కోసారి పాలలా తెల్లటి బొద్దింక కనబడితే జబ్బు అనుకోవద్దు. అది అప్పుడే కుబుసం విడిచిన పురుగు, కొన్ని గంటల్లో మళ్లీ నల్లబడుతుంది.

పెట్టెలో అన్ని సైజుల పిల్లలూ దండిగా కనిపించినప్పుడు తీయడం మొదలుపెట్టవచ్చు. ముందుగా అదనపు మగవాటిని, తరువాత మధ్య సైజు పిల్లలను తీయాలి. డ్రాగన్ రెండు కళ్ల మధ్య ఉన్న దూరం కంటే పెద్ద పురుగును పెట్టకూడదు. తినిపించడానికి ఒక రోజు ముందు ఆ పురుగులను వేరే డబ్బాలో వేసి, మంచి ఆకుకూరలు పెట్టాలి. డూబియాలో భాస్వరం కంటే కాల్షియం చాలా తక్కువ కాబట్టి, ఒక గ్లాసులో కాల్షియం పౌడర్, పురుగులు కలిపి మెల్లగా ఊపి, పొడి అంటిన తరువాతే వేయాలి. తినకుండా మిగిలినవాటిని రాత్రి డ్రాగన్ దగ్గర వదిలేయకుండా ఏరి తీసేయాలి. పెట్టె నిండిపోయి పురుగులు ఎక్కువైతే, డ్రాగన్ పెంచుకునే మరొకరికి ఇవ్వవచ్చు. అలా ఇవ్వడం కుదరకపోతే ఫ్రీజర్‌లో రెండు రోజులు ఉంచి పారేయాలి గాని, పెరట్లో వదిలిపెట్టకూడదు.