పెద్దవయసులో కిడ్నీకి ఆక్సిజన్ కరువు రాకుండా చూసుకోవడం ఎలా?

నేను కిడ్నీ వార్డులో నర్సుని. ఇంట్లో మా నాన్నగారి మందులు చూసుకునేదీ నేనే. పెద్దవాళ్ల వేలికి ఆక్సీమీటరు పెట్టి, 98 కనిపించగానే ఊపిరి పీల్చుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌ను మోస్తోందో ఆ అంకె చెబుతుంది. కిడ్నీ లోపలి పొరకు ఎంత చేరుతోందో దానికి తెలియదు.

గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. అందులో అధికభాగం వడపోత జరిగే పైపొరకే సరిపోతుంది, లోపలికి చేరేది సుమారు పదో వంతు. రోజుకు 180 లీటర్ల దాకా వడకట్టి, అందులో 99 శాతాన్ని మళ్లీ రక్తంలోకి చేర్చాలి. ఆక్సిజన్ ఎక్కువగా ఖర్చయ్యేది ఉప్పును వెనక్కి తీసుకునే ఈ పనిలోనే. అందుకే లోపలి పొర వయసులో ఉన్నప్పుడు కూడా అరకొర ఆక్సిజన్‌తోనే నెట్టుకొస్తుంది. వయసు పైబడేకొద్దీ సన్నని రక్తనాళాలు తగ్గిపోతాయి, కణజాలం మచ్చకట్టి గట్టిపడుతుంది. ఆ మచ్చ వల్ల ఆక్సిజన్ అందడం ఇంకా తగ్గుతుంది, తగ్గినకొద్దీ మచ్చ పెరుగుతుంది. వయసును ఆపలేం. దానికి తోడయ్యే దెబ్బలను మాత్రం చాలావరకు తప్పించవచ్చు.

ముందుగా మందుల పెట్టె తెరవండి. ప్రతి స్ట్రిప్పు మీద కంపెనీ పెట్టిన పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఎసిక్లోఫెనాక్ కనిపిస్తే పక్కన పెట్టి డాక్టరును అడగండి. కిడ్నీ నాళాలను తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను ఈ నొప్పి మాత్రలు అడ్డుకుంటాయి. ఒకే మందు రెండు పేర్లతో రెండు స్ట్రిప్పుల్లో ఉండటం నేను తరచూ చూస్తుంటాను. రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్ర, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్ర, నొప్పి మాత్ర, ఈ మూడూ కలిస్తే ప్రమాదం మరీ ఎక్కువ. మోకాళ్ల నొప్పులకు డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడటం ఆ నొప్పి మాత్రల కన్నా కిడ్నీకి మేలు.

వాంతులు, విరేచనాలు, తీవ్ర జ్వరం వచ్చిన రోజు కోసం ముందే సిద్ధపడాలి. ఒంట్లో నీరు తగ్గితే ఆ లోపలి పొరకే మొదట కష్టం. అలాంటి రోజున బీపీ, మూత్రం, షుగర్ మాత్రల్లో వేటిని తాత్కాలికంగా ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఒంట్లో బాగున్నప్పుడే డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. సొంతంగా ఆపవద్దు. పెద్దవాళ్లకు దాహం సరిగా తెలియదు కాబట్టి అడిగే దాకా ఆగకుండా నీళ్లు అందించండి. గుండె వైఫల్యం ఉన్నవారికి మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.

రిపోర్టులో క్రియాటినిన్ ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. అది కండరాల నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీ దాన్ని బయటికి పంపాలి; వయసుతో కండ తగ్గితే అదీ తక్కువగానే కనిపిస్తుంది. క్రియాటినిన్ 1.2 ఉన్న నలభై ఏళ్ల పురుషుడికి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడుతున్నాయో చెప్పే అంచనా) సుమారు 78 వస్తే, అదే 1.2 ఉన్న ఎనభై ఏళ్ల స్త్రీకి 46 దగ్గర వస్తుంది. ఈజీఎఫ్ఆర్ 60 కన్నా తక్కువగా మూడు నెలలు దాటి ఉంటే కిడ్నీ డాక్టరుకు చూపించండి. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష కూడా అడగండి. హిమోగ్లోబిన్‌నూ గమనించండి: రక్తహీనత ఉంటే కిడ్నీకి చేరే ఆక్సిజనే తగ్గుతుంది. పైగా ఎర్రరక్తకణాలను పెంచే ఎరిత్రోపొయిటిన్ తయారయ్యేది ఎక్కువగా కిడ్నీలోనే.

బీపీ ఎక్కువైనా చేటే, మరీ పడిపోయినా చేటే. కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటి నుంచి మూడు నిమిషాల్లోపు మరోసారి చూడండి. పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతే డాక్టరుకు చెప్పండి. పొగ తాగే అలవాటుంటే మాన్పించండి, ఉప్పు తగ్గించండి. రంగు మందు ఎక్కించి సీటీ స్కాన్ తీయాల్సి వస్తే ఈజీఎఫ్ఆర్ ఎంతో ముందే చెప్పండి.

మూత్రం బాగా తగ్గిపోయినా, మనిషి మగతగా, అయోమయంగా ఉన్నా తెల్లవారే దాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకువెళ్లండి. మందుల పెట్టె వెంట ఉండాలి.