సునామీ ఎన్ని గంటలకు వస్తుంది? లెక్క కట్టడం నేర్చుకుందాం – నాలుగో పాఠం

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చి వదిలేశాను. 2004 డిసెంబర్ 26 పొద్దున సుమత్రా దగ్గర భూకంపం వచ్చింది కదా, ఆ భూకంప కేంద్రం నుంచి విశాఖపట్నానికి సునామీ ఎన్నింటికి చేరాలో కట్టి ఉంచమన్నాను. శ్రద్ధగా చేసినవాళ్లకు 9 గంటల 52 నిమిషాలు వచ్చి ఉంటుంది. ఐదు నిమిషాలు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. గుణకారాల్లో తప్పేమీ లేదు. జవాబు మాత్రం తప్పు.

విశాఖ పోర్టులో ఆటుపోట్లు కొలిచే గేజి ఉంది. ఆ రోజు మొదటి అల దాని మీద 9 గంటల 5 నిమిషాల ప్రాంతంలోనే నమోదైంది. ముప్పావు గంట ముందే వచ్చేసిందన్నమాట. రైలు ముందొస్తే ప్లాట్‌ఫాం మీద నిలబడి ఎదురుచూస్తుంది. అల అలా ఆగదు. ఈ ముప్పావు గంట ఎక్కడ పోయిందో వెతకడమే ఈ వారం పని.

ముందు మన సూత్రం మీద అనుమానం తీర్చుకుందాం. మొదటి పాఠంలో చెప్పిన టబ్బు ప్రయోగం చేయనివాళ్లు ఇప్పుడైనా చేయండి. చదివితే వచ్చేది కాదు ఇది. అడుగు సమంగా ఉన్న, రెండడుగుల పొడుగు ప్లాస్టిక్ టబ్బు ఒకటి తీసుకోండి. గుండ్రటిది వద్దు. ఒక సెంటీమీటరు ఎత్తు నీళ్లు పోసి, ఒక చివర పిసరంత పైకెత్తి వదలండి. ఒక అల ఆ గోడకు కొట్టుకుని ఈ గోడకు తిరిగొస్తుంది. అటు రెండు సార్లు, ఇటు రెండు సార్లు వెళ్లేదాకా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. మా ఇంట్లో ఎనిమిది సెకన్లు దాకా పట్టింది. ఇప్పుడు నీళ్లు నాలుగు సెంటీమీటర్లకు పెంచండి. అదే ప్రయాణం నాలుగు సెకన్లలో అయిపోతుంది. లోతు నాలుగింతలైతే వేగం రెండింతలే అయింది. అంటే వేగం లోతుకు వర్గమూలాన్ని బట్టి పెరుగుతోంది. (టబ్బు ఇంట్లోవాళ్లు అడిగేలోపు తుడిచి ఇచ్చేయండి. నేను ఇవ్వలేదు, మాట పడ్డాను.)

సూత్రం కూడా అదే చెబుతుంది. లోతును మీటర్లలో తీసుకుని 10తో గుణించి వర్గమూలం తీస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. దాన్ని 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు. ఆ 10 భూమ్యాకర్షణది. అసలు విలువ 9.8 అయినా నోటిలెక్కకు 10 చాలు. వెయ్యి మీటర్ల లోతులో అల గంటకు 360 కిలోమీటర్లు పోతుంది. నాలుగు వేల మీటర్లలో 720, అంటే విమానం వేగానికి దగ్గర. పది మీటర్ల లోతుకు వచ్చేసరికి 36కు పడిపోతుంది.

కిలోమీటర్ల లోతున్న సముద్రాన్ని టబ్బుతో పోలుస్తారా అని మీకు అనిపించవచ్చు. గాలికి లేచే మామూలు అలలైతే పోల్చకూడదు, అవి పైపైనే కదులుతాయి. సునామీ అల ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి వందల కిలోమీటర్లు ఉంటుంది. అంత పొడుగు అలకు మూడు కిలోమీటర్ల లోతు కూడా పళ్లెంలో నీళ్ల లాంటిదే. అట్టడుగు దాకా నీళ్లన్నీ కదులుతాయి. అయినా నడిసముద్రంలో చూసేవాడికి ఏమీ తెలియదు. ఆ రోజు భూకంపం వచ్చిన రెండు గంటలకు జేసన్-1 అనే ఉపగ్రహం హిందూ మహాసముద్రం మీదుగా వెళ్తూ ఆ అల ఎత్తు కొలిస్తే సుమారు 60 సెంటీమీటర్లే ఉంది. అంత ఎత్తు అల, అంత పొడుగున పరుచుకుని, పడవ కింద నుంచి పోతే లోతు నీళ్లలో వేటలో ఉన్నవాళ్లకు ఎలా తెలుస్తుంది?

సూత్రం సరిగానే ఉంది. మరి దూరమో? భూకంప కేంద్రం 3.3 ఉత్తర అక్షాంశం, 95.9 తూర్పు రేఖాంశం. అక్కడి నుంచి విశాఖకు 2100 కిలోమీటర్లు. బంగాళాఖాతం లోతు సగటున 3000 మీటర్లు అనుకున్నాం కాబట్టి వేగం 620. భాగిస్తే 3 గంటల 23 నిమిషాలు. భూకంపం వచ్చింది మన టైం ప్రకారం 6 గంటల 29 నిమిషాలకు. కూడితే 9.52.

తప్పు ఆ చుక్కలో ఉంది.

పేపర్లో, టీవీలో మ్యాపు వేసి ఎర్ర చుక్క పెట్టి చుట్టూ వలయాలు గీస్తారు. చెరువులో రాయి వేసినట్టు భూకంపం ఆ చుక్క దగ్గరే జరిగిందని మనకు అనిపిస్తుంది. నిజానికి ఆ చుక్క పగులు మొదలైన చోటు మాత్రమే. పాత గుడ్డను చించేటప్పుడు మొదట గోరు దిగిన చోటు ఉంటుంది చూడండి, అలాంటిది. చిరుగు అక్కడే ఆగదు. 2004లో ఆ చిరుగు సుమత్రా దగ్గర మొదలై, నికోబార్ కింద నుంచి, అండమాన్ దాకా సుమారు 1300 కిలోమీటర్లు పాకింది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి తిన్నగా గీత గీస్తే ఇంచుమించు అంత పొడుగు. చినగడానికి పట్టింది ఎనిమిది, పది నిమిషాలే. అల ఆ గీత పొడుగునా లేచింది. విశాఖకు వచ్చింది సుమత్రా దగ్గర లేచిన అల కాదు, అంతకంటే చాలా దగ్గరలో, నికోబార్ వైపు లేచింది.

అందుకని దూరం మళ్లీ కొలుద్దాం. కార్ నికోబార్ 9.2 ఉత్తరం, 92.8 తూర్పు. విశాఖ 17.7 ఉత్తరం, 83.3 తూర్పు. అక్షాంశాల తేడా 8.5, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 943. రేఖాంశాల తేడా 9.5. మన ప్రాంతంలో రేఖాంశం డిగ్రీకి 108 వేసుకోమన్నాను కదా, 1026. రెండింటి వర్గాలూ కలిపి మూలం తీస్తే 1393. మనకు 1400 చాలు. 620తో భాగిస్తే 2 గంటల 15 నిమిషాలు. 6.29కి కలిపితే 8.44.

ఇప్పుడు లెక్క ఇరవై నిమిషాలు ముందుకు పోయింది. దీన్ని సరిచేసేది ఒడ్డు దగ్గరి మెరక, బడి పుస్తకాల్లో ఖండతీరపు అంచు అంటారే, అది. చివరి 30 కిలోమీటర్లలో లోతు సగటున 50 మీటర్లు అనుకోండి. అక్కడ వేగం గంటకు 80. నడిసముద్రపు వేగంతో మూడు నిమిషాల్లో దాటాల్సిన దూరానికి 22 నిమిషాలకు పైగా పడుతుంది. అంటే ఇంకో 20 నిమిషాలు ఆలస్యం. 8.44కు 20 కలిపితే 9.04.

సంతోషించండి గానీ మరీ పొంగిపోకండి. నిమిషం తేడాతో సరిపోవడంలో కొంత అదృష్టం కూడా ఉంది. 3000 మీటర్లు, 30 కిలోమీటర్లు, 50 మీటర్లు, ఇవన్నీ మనం వేసుకున్న ఉరామరి అంకెలే. పావుగంట అటూ ఇటూగా వస్తే చాలు, లెక్క పాసైనట్టే.

కాబట్టి పని చేసేటప్పుడు పట్టించుకోవాల్సింది చుక్కను కాదు, చిరుగు అంచుల్లో మనకు దగ్గరగా ఉన్నదాన్ని. చిరుగు ఎంత పొడుగో వెంటనే తెలియదు. భూకంపం తీవ్రత 8 అయితే నూటయాభై, రెండొందల కిలోమీటర్లు, 9 అయితే వెయ్యి దాకా వేసుకోవచ్చు. అయితే తొలి వార్తలో వచ్చే తీవ్రతను కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. ఆ రోజు హవాయిలోని పసిఫిక్ సునామీ కేంద్రం మొదటి బులెటిన్‌లో 8.0 అని వేసింది. తర్వాత తేలింది 9.1. తీవ్రత పెరిగితే చిరుగూ పెరుగుతుంది, మన టైం తగ్గుతుంది. లెక్క వచ్చాక ఎప్పుడూ ముందుకే జరుపుకోండి, వెనక్కి వద్దు.

ఇంతకీ రెండున్నర గంటల టైం ఉంది ఆ రోజు. అది ఆదివారం, మార్గశిర పౌర్ణమి. మచిలీపట్నం పక్కన మంగినపూడి బీచ్‌లో పొద్దున్నే సముద్ర స్నానాలకు జనం దిగారు. ఆకాశం తేటగా ఉంది, వాన లేదు, గాలి లేదు. మన తీరంలో ఎవరిని అడిగినా సముద్రం మీదకు రావడం అంటే ఉప్పెన. 1977 నవంబర్‌లో దివిసీమను తుడిచేసి, పది వేల మందికి పైగా చంపింది తుపానుతో వచ్చిన ఉప్పెనే. దానికి ముందు మబ్బు పడుతుంది, గాలి తిరుగుతుంది, రేడియో చెబుతుంది. భయపడటానికి గుర్తులు ఉంటాయి. పౌర్ణమి పొద్దున నీళ్లలో మూడు మునకలు వేసేవాళ్లకు అలాంటి గుర్తు ఒక్కటీ లేదు. స్నానానికి దిగినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. ఆంధ్ర తీరం మొత్తం మీద చనిపోయినవాళ్లు వందకు పైనే. ఒడ్డున లంగరు వేసిన పడవలు, ఆరబెట్టిన వలలు పోయిన మత్స్యకార కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వల పోతే వేట ఉండదు, వేట లేకపోతే అప్పు తీరదు. ఆ లెక్క మన సూత్రాల్లో రాదు.

గుర్తుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోతే సునామీ వస్తున్నట్టు అని అందరూ చెబుతారు. తాయ్‌లాండ్‌లో అలాగే జరిగింది. మన వైపు సరిగ్గా అలా జరగలేదు. చిరుగుకు పడమర వైపున సముద్రపు అడుగు పైకి లేచింది, తూర్పు వైపున కుంగింది. కుంగిన వైపు ఉన్న తాయ్‌లాండ్‌లో నీళ్లు ముందు వెనక్కి పోయాయి. లేచిన వైపు ఉన్న మనకూ శ్రీలంకకూ ముందు పొంగే వచ్చింది. విశాఖ, చెన్నై గేజిల్లో మొదట పడింది పెరుగుదలే. నీళ్లు వెనక్కి పోవడం రెండు అలల మధ్య జరిగింది. అప్పుడు చేపలు ఏరుకోవడానికి దిగితే తర్వాతి అలకు చిక్కుతారు. మొదటిదే పెద్దది కావాలని కూడా లేదు. కాబట్టి నీళ్లు వెనక్కి పోతే తప్పకుండా పరుగెత్తండి. పోలేదు కదా అని మాత్రం నిలబడకండి.

మన లెక్క అసలు పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. సుమత్రాలోని బండా అచేకు ఆ అల ఇరవై నిమిషాల్లోపే చేరింది. అక్కడ కాగితం, పెన్ను తీసేలోపు అయిపోతుంది. పక్కనే ఉన్న సిమెలూ దీవి భూకంప కేంద్రానికి ఇంకా దగ్గర. అక్కడ సుమారు 78 వేల జనాభాలో పోయింది ఏడుగురే. 1907లో వచ్చిన సునామీని వాళ్లు ‘స్మోంగ్’ అనే పేరుతో పాటల్లో, కథల్లో పిల్లలకు చెబుతూ వచ్చారు. గట్టిగా, చాలాసేపు భూమి ఊగితే కొండెక్కమని అందులో ఉంటుంది. వాళ్లకు భూమి ఊగడమే సైరన్. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వాళ్లకు ఆ సౌకర్యం లేదు. దూరపు భూకంపం మనల్ని పెద్దగా ఊపదు, ఊపినా మంచం కదిలిందేమో అనుకుని ఊరుకుంటాం. అందుకే మనకు కబురు రావాలి.

ఆ కబురు ఇప్పుడు హైదరాబాద్ నుంచే వస్తుంది. ప్రగతినగర్ దగ్గర ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థలో 2007 అక్టోబర్ నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం నడుస్తోంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రాన్ని కాస్తున్నారని నవ్వుకునేవాళ్లు ఉన్నారు గానీ, కాపలాకు ఒడ్డున ఉండాల్సిన పనేముంది? బులెటిన్ వచ్చాక మూడు మాటలు చూడండి. ‘వార్నింగ్’ అంటే ఎత్తు ప్రాంతానికి కదలాలి. ‘అలర్ట్’ అంటే బీచ్, పల్లపు ప్రాంతాలు వదలాలి. ‘వాచ్’ అంటే పరిస్థితి గమనిస్తూ ఉండాలి. టైం అంతర్జాతీయ లెక్కలో, అంటే యూటీసీలో ఉంటే 5 గంటల 30 నిమిషాలు కలుపుకోండి. 2004 భూకంపం ఆ లెక్కలో 00.58కి వచ్చింది. అర్ధరాత్రి అనుకుని చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఇంకొకటి, వాళ్ల టైం మీ టైం కంటే ముందుంటే వాళ్లదే పట్టుకోండి. వాళ్లు సముద్రపు అడుగు లోతులన్నీ పెట్టి ముందుగానే వేల సందర్భాలకు లెక్క కట్టి ఉంచుకున్నారు. మనది టబ్బు లెక్క.

వచ్చే వారానికి హోంవర్క్. 2012 ఏప్రిల్ 11న మధ్యాహ్నం 2 గంటల 8 నిమిషాలకు సుమత్రాకు పడమరన, 2.3 ఉత్తరం, 93.1 తూర్పు దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. చెన్నైలో, కోల్‌కతాలో జనం ఆఫీసుల నుంచి మెట్ల మీదుగా కిందికి పరుగెత్తారు. విశాఖకు అల ఎన్ని గంటలకు రావాలో ఇవాళ్టి పద్ధతిలో కట్టండి. చిరుగుకు, మెరకకు వేసుకోవాల్సినవి వేసుకోండి. సాయంత్రం ఐదు దాటాక ఎక్కడో తేలుతుంది. అంత పెద్ద భూకంపమైనా ఆ సాయంత్రం మన ఒడ్డున చెప్పుకోదగ్గ అల రాలేదు. అది మీ లెక్క తప్పు కాదు. భూమి పలక పైకి లేవడానికీ పక్కకు జరగడానికీ ఉన్న తేడా అది. ఐదో పాఠంలో అదే టబ్బుతో చూద్దాం, ఈసారి ఒక స్టీలు గరిటె కూడా దగ్గర పెట్టుకోండి.