కొలవకుండా కత్తెర వేయకండి

మాది తిరుపతి, కొర్లగుంట. ఇరవై రెండేళ్లుగా టైలరింగ్ పని. పొద్దున కూర్చుంటే రాత్రికి లేస్తాను, నడుం చుట్టూ కొవ్వు పేరుకోక ఏమవుతుంది? పోయినేడు డాక్టరు దగ్గర బరువు చూస్తే 80 కిలోలు. ‘తిండి సరిచేసుకో, నడువు’ అన్నాడు. తిండి తగ్గించమని ఆయన చెప్పలేదు. ఆ మాట నేనే కలుపుకున్నాను.

మరుసటి రోజు నుంచే అన్నం బంద్. నూనె, నెయ్యి, చట్నీ బంద్. తెల్లారుజామున యూనివర్సిటీ గ్రౌండులో గంట నడక, ఆదివారం శ్రీవారి మెట్టు. పైగా శనివారం ఒక్కపొద్దు మా నాయన కాలం నుంచీ ఉన్నదే. అంటే శనివారం ఒంటిపూట తిని, ఆదివారం ఖాళీ కడుపుతో 2,388 మెట్లు ఎక్కడానికి పోయేవాణ్ని. మూడో ఆదివారం సగం మెట్లకే చల్లటి చెమట పట్టింది, చేతులు వణికాయి, గోడ పట్టుకుని కూలబడ్డాను. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ వస్తున్న ఒక ముసలమ్మ నన్ను చూసి ఆగింది. ‘ఏం నాయనా, తినకుండా ఎక్కతా ఉండావా?’ అని కొంగు ముడిలోంచి బెల్లం ముక్క, రెండు అరటిపండ్లు తీసి ఇచ్చింది. పావుగంటకు గానీ లేవలేకపోయాను.

ఆ వారమే దుకాణంలో ఇంకో ఘనకార్యం చేశాను. ఒక పెళ్లి జాకెట్టుకు కుడి చెయ్యి ఎడమ వైపు, ఎడమ చెయ్యి కుడి వైపు కుట్టి, ఇస్త్రీ చేసి మరీ తగిలించాను. ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ జరగని తప్పు. దాంతో పాటు చీటికిమాటికి కోపం, రాత్రి నిద్ర పట్టకపోవడం, మలబద్ధకం. ఇవన్నీ వయసు వల్ల అనుకున్నాను. తిండి చాలకపోయినా ఇలాగే ఉంటుందని తర్వాత తెలిసింది. మా ఆవిడ మాత్రం ముందే అనింది: ‘మిషనుకేమో వారం వారం నూనె పోస్తారు, మీ ఒంటికి మాత్రం చుక్క తగలనీరా?’

కొలత రాయకుండా ఎవరి గుడ్డా కత్తిరించని వాణ్ని, నా తిండిని మాత్రం కొలవకుండా కత్తిరించాను. కొత్తగా నడక, జిమ్ మొదలుపెట్టిన వాళ్లు చాలామంది చేసేది ఇదే. కాబట్టి ముందు కొలవండి.

మూడు రోజులు ఏమీ మార్చకుండా, తిన్నది తిన్నట్టు రాయండి. నేను బిల్లు పుస్తకం వెనక పేజీల్లో రాశాను. రెండు పుల్కాలు, సొరకాయ కూర, నీళ్లలో ఉడికించిన ఓట్స్ మూడు స్పూన్లు, ఆపిల్, రాత్రికి కీరా క్యారెట్ పళ్లెం, పలచటి మజ్జిగ. ఎంత ఉదారంగా కూడినా 800 క్యాలరీలు దాటలేదు. మోసం ఎక్కడుందంటే, పళ్లెం నిండుగానే ఉంది, కడుపూ నిండుతోంది. కూరగాయల్లో నీళ్లూ పీచూ ఎక్కువ. అవి కడుపును నింపుతాయి గానీ ఒంటికి కావలసినంత శక్తినివ్వవు.

తర్వాత ఎంత కావాలో లెక్క. బరువును 10తో, ఎత్తు సెంటీమీటర్లను 6.25తో గుణించి కలపండి. అందులోంచి వయసును 5తో గుణించి తీసేయండి. మగవాళ్లు చివర 5 కలపాలి, ఆడవాళ్లు 161 తీసేయాలి. నాకు 80 కిలోలు, 168 సెంటీమీటర్లు, 43 ఏళ్లు: 800, 1,050 కలిపి, 215 తీసి, 5 కలిపితే 1,640. ఇది ఊరికే పడుకుని ఉన్నా ఒంటికి ఖర్చయ్యేది. నేను తినేది ఇందులో సగం! కూర్చుని పనిచేస్తూ కాస్త నడిచే వాళ్లు దీన్ని 1.375తో గుణించాలి. నాకు 2,255 వచ్చింది. నడక ఖర్చు అందులోనే ఉంది, మళ్లీ వేరుగా కలపకండి. బరువు తగ్గాలంటే దీంట్లోంచి 300 నుంచి 500 దాకా తగ్గిస్తే చాలు. నేను 400 తగ్గించి 1,850 అనుకున్నాను. ఇది అంచనా మాత్రమే, పదీ ఇరవై దగ్గర టెన్షన్ పడొద్దు. సరిచూసుకోవాలంటే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దగా శారీరక శ్రమ లేని 65 కిలోల మగవాడికి రోజుకు సుమారు 2,110, 55 కిలోల ఆడమనిషికి 1,660.

800 నుంచి 1,850కి ఒక్కరోజులో పోతే కడుపు ఉబ్బుతుంది. నేను రెండు మూడు రోజులకొకసారి 150, 200 చొప్పున పెంచాను. దీనికి మన చిత్తూరు వంటిల్లే చాలు, డబ్బా పౌడర్లు అక్కర్లేదు. చెనక్కాయలే తీసుకోండి. గుప్పెడు గింజలు, అంటే 30 గ్రాములు, 170 క్యాలరీలు, ఏడెనిమిది గ్రాముల ప్రోటీన్. తక్కువ చోట ఎక్కువ శక్తి. చెనక్కాయ చట్నీని శత్రువులా చూసి ఒట్టి ఇడ్లీ తిన్న నా తెలివికి ఇప్పుడు నవ్వొస్తుంది. చెంచా నెయ్యి 45, కోడిగుడ్డు 70 దాకా, అరటిపండు 100 అటూ ఇటూ.

సంగటి గురించి ఒక మాట. రాగి అంటే క్యాలరీలే ఉండవని కొందరి నమ్మకం. 100 గ్రాముల రాగిపిండిలో 320 ఉంటాయి, బియ్యం కంటే కొంచెమే తక్కువ. రాగి గొప్పతనం పీచులోనూ కాల్షియంలోనూ ఉంది. కాబట్టి సంగటి ముద్ద తినేది బక్కచిక్కడానికి కాదు, సాయంత్రం దాకా నిలబడటానికి. ముద్దలో గుంత చేసి, గట్టి పప్పు పోసి, నెయ్యి వేసుకుని తినండి. చలికాలంలో అనపకాయలు వచ్చాయంటే పితికిన పప్పు ఉండనే ఉంది. గింజల తోలు తీయడం పెద్ద పని, ఆ పని మాత్రం పంచుకోండి, ఒక్కరి మీద వేయకండి.

ఇప్పుడు నా రోజు ఇలా నడుస్తోంది. గ్రౌండుకు పోయే ముందు అరటిపండు. వచ్చాక మూడు ఇడ్లీలు, చట్నీ, గుడ్డు. మధ్యాహ్నం సంగటి, పప్పు, ఆకుకూర, చివర కొంచెం పెరుగన్నం. నాలుగు గంటలకు చెనక్కాయలు, బెల్లం ముక్క, టీ. రాత్రి రెండు చపాతీలు, కూర, గ్లాసు పాలు. 1,900 దరిదాపుల్లో తేలుతుంది.

ఒక్కపొద్దు మానలేదు. మెట్లు ఎక్కే రోజునే మంగళవారానికి మార్చుకున్నాను. మీకు వీలుకాకపోతే శనివారం తినే ఆ ఒక్కపూటైనా గట్టిగా తినండి. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం నా లెక్కలు పక్కన పెట్టి, ముందు డాక్టరును అడగండి. తినకుండా నడిస్తే వాళ్లకు షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లూ ముందు డాక్టరునే అడగండి.

తిండి పెంచిన మొదటి వారం బరువు కిలో పెరిగింది, గుండె గుభేల్మంది. అది చాలావరకు నీళ్లే. కండరాల్లో పిండిపదార్థం తిరిగి నిల్వ చేరితే దాంతో పాటు నీళ్లూ చేరతాయి. రోజూ బరువు చూసుకోవద్దు, వారానికి ఒకసారి చాలు, పరగడుపున. దానికంటే నాకు నమ్మకం టేపు మీద. బొడ్డు దగ్గర, ఊపిరి వదిలి, టేపు బిగించకుండా కొలవండి. నాలుగు నెలల్లో నాది 38 నుంచి 36½ అంగుళాలకు వచ్చింది, బరువు 75. ప్యాంట్లు అన్నీ విప్పి కుట్టాలి. కస్టమర్ల పని మధ్యలో నా ప్యాంటుకు ఇంకా వంతు రాలేదు, బెల్టుకు కొత్త బెజ్జం కొట్టి నడిపిస్తున్నాను.