జాతీయ జట్టుకు గోల్‌కీపర్ ఎంపిక – 4వ పాఠం: క్లీన్ షీట్ ఎవరి లెక్క?

ఈ పాఠంలో క్రాసులు, కార్నర్ కిక్‌ల గురించి చెప్పాలనుకున్నాను. మీ జవాబులు చదివాక వాటిని పక్కన పెట్టాను. పోయిన పాఠం చివర ఇద్దరు కీపర్ల పట్టిక ఇచ్చి ఒకరిని ఎంచుకోమంటే, ఎక్కువమంది 'అ'ను ఎంచుకున్నారు. కారణం దగ్గర దాదాపు అందరిదీ ఒకే వాక్యం: "ఆరు క్లీన్ షీట్లు ఉన్నాయి కాబట్టి." క్లీన్ షీట్ అంటే జట్టు ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచ్. ఇందులో నా పొరపాటూ ఉంది. క్లీన్ షీట్ల వరుసను పట్టిక పైభాగాన పెట్టి, అసలు చూడవలసిన వరుసను అడుగున పెట్టాను.

ఆ పట్టికనే మళ్ళీ తీసుకుందాం. ఇద్దరూ పదేసి మ్యాచ్‌లు ఆడారు. 'అ' మీదికి గోల్‌లోకి సూటిగా వచ్చిన షాట్లు 20, ఆపినవి 15, క్లీన్ షీట్లు ఆరు. 'ఆ' మీదికి వచ్చినవి 60, ఆపినవి 42, క్లీన్ షీటు ఒకటే. శాతంలో చూసినా 'అ'కు 75, 'ఆ'కు 70. ఇంకేం కావాలి అనిపిస్తుంది. ఇక్కడే ఆగాలి.

మ్యాచ్ మొత్తంలో ఒక్క షాటు కూడా రాకపోతే కీపర్‌కు క్లీన్ షీట్ వస్తుంది. ఎదుటి ఆటగాడు కొట్టిన బంతి గోల్‌పోస్టుకు తగిలి బయటికి పోయినా వస్తుంది. డిఫెండర్ గోల్‌గీత మీద నిలబడి తలతో బంతిని తప్పించినా అది కీపర్ పేరు మీదే పడుతుంది. మరో కీపర్ కష్టమైన షాట్లు తొమ్మిది ఆపి, చివరి నిమిషంలో సొంత డిఫెండర్ కాలికి తగిలి దిశ మారిన బంతికి గోల్ ఇస్తే అతని ఖాతాలో సున్నా. పదకొండు మంది కలిసి సాధించినదాన్ని ఒక్కరికి కట్టబెట్టి, ఆ ఒక్కరినీ దానితోనే తూచడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ఎంపిక గురించి మాట్లాడే పెద్దవాళ్ళు కూడా ఈ అంకెనే ముందు చెబుతారు. జట్టు గురించి చెప్పేటప్పుడు ఆ అంకె వాడండి, కీపర్ గురించి వాడకండి.

ఆపిన షాట్ల శాతం ఇంతకంటే కొంత నయమే గానీ, అదీ అన్ని షాట్లనూ ఒకే గాటన కడుతుంది. ముప్పై గజాల నుంచి నేరుగా చేతుల్లోకి వచ్చిన బంతీ, ఆరు గజాల నుంచి మూలకు దూసుకొచ్చిన బంతీ దానికి సమానమే. పెద్ద క్లబ్బులు ఒక్కొక్క షాటు ఎంత ప్రమాదకరమో లెక్కగట్టి, ఎన్ని గోల్స్ పడవలసింది, ఎన్ని పడ్డాయి అని చూస్తాయి. ఆ లెక్కలు మనకు అందకపోతే నేనొక మోటు పద్ధతి వాడతాను. షాట్లను మూడు కుప్పలు చేస్తాను: చేతికి అందేవి, దూకితే అందేవి, దూకినా అందడం కష్టమైనవి. మొదటి కుప్పలో పదికి ఒకటి, రెండోదాంట్లో నాలుగు, మూడోదాంట్లో ఎనిమిది గోల్ అవుతాయని పెట్టుకుంటాను. ఈ అంకెలు నా అంచనాలు. మీకు వేరేవి సబబనిపిస్తే మార్చుకోండి, కానీ ఇద్దరు కీపర్లకూ ఒకే కొలత పెట్టండి. పెనాల్టీలను ఈ లెక్కలో కలపకండి.

పట్టిక అడుగు వరుస ఇది. 'అ' ఎదుర్కొన్న 20లో కుప్పలు 15, 4, 1. పడవలసినవి 3.9, పడ్డవి 5. 'ఆ' ఎదుర్కొన్న 60లో కుప్పలు 24, 22, 14. పడవలసినవి 22.4, పడ్డవి 18. అంటే 'అ' జట్టుకు ఒక గోల్ నష్టం తెచ్చాడు, 'ఆ' నాలుగు గోల్స్ మిగిల్చాడు. క్లీన్ షీట్లు చెప్పినదానికి ఇది పూర్తిగా తలకిందులు.

ఇంతదాకా లెక్కగట్టి 'ఆ'ను ఎంచుకున్నవారు ముగ్గురే. వాళ్ళను మెచ్చుకుంటూనే ఒక మాట అడుగుతున్నాను: ఏ జట్టుకు? మీ జాతీయ జట్టు గోల్ ముందే గుమిగూడి కాచుకునేదైతే 'ఆ'కు తిరుగులేదు. డిఫెండర్లు మైదానం మధ్యకు జరిగి ఆడే జట్టైతే, కీపర్‌కు గంటసేపు పనే ఉండదు, ఆ తరువాత ఒక పొడుగు బంతి వెనక్కి వచ్చి పడుతుంది. 2014 ప్రపంచకప్ ప్రీక్వార్టర్స్‌లో అల్జీరియా సరిగ్గా అలాంటి బంతులతోనే జర్మనీని ఇబ్బంది పెట్టింది. జర్మనీ కీపర్ మాన్యుయెల్ నోయర్ పదేపదే పెనాల్టీ బాక్సు దాటి ముందుకొచ్చి వాటిని తుడిచేశాడు. వాటిలో చాలావాటిని అతను షాటు కాకముందే తుంచేశాడు కాబట్టి మన మూడు కుప్పల్లో అవి చేరవు. అందుకే నేను కీపర్ చేతులకంటే ముందు అతని కాళ్ళు చూస్తాను: బంతి దూరంగా ఉన్నప్పుడు గీత నుంచి ఎన్ని అడుగులు ముందుకొచ్చి నిలబడ్డాడు, బయలుదేరాక మధ్యలో ఆగాడా? సగం దారిలో ఆగే కీపర్‌ను నేను తీసుకోను, లెక్కలు ఎంత బాగున్నా సరే.

రెండో కీపర్ గురించి క్లుప్తంగా. ప్రపంచకప్ బృందంలో ముగ్గురు కీపర్లు తప్పనిసరి. రెండోవాడిని మర్యాదకోసం ఎంచుకోవద్దు. 2002 ప్రపంచకప్‌కు ముందు స్పెయిన్ కీపర్ కాన్యిసారెస్ కాలిమీద సెంటు సీసా పడి గాయమైంది. అతని బదులు గోల్ ముందు నిలబడిన కాసియాస్, ఐర్లాండ్‌తో షూటౌట్‌లో (స్కోరు సమమైతే పెనాల్టీలతో విజేతను తేల్చే పద్ధతి) జట్టును గట్టెక్కించాడు. అర్జెంటీనాకు 2021 జూన్‌లో తొలిసారి ఆడిన ఎమిలియానో మార్టినెజ్ మరుసటి నెలలోనే కోపా అమెరికా సెమీఫైనల్ షూటౌట్‌లో కొలంబియావి మూడు పెనాల్టీలు ఆపాడు. అప్పటికి అతని వయసు 28. జాతీయ జట్టుకు ఎన్ని మ్యాచ్‌లు ఆడాడన్నది చివరగా చూడవలసిన అంకె.

షూటౌట్ కోసమే కీపర్‌ను మార్చడం గురించి కొందరు అడిగారు. 2014 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో కోస్టారికా మీద నెదర్లాండ్స్ కోచ్ వాన్ గాల్ అదనపు సమయం ముగుస్తుండగా కీపర్ సిల్లెసెన్‌ను తప్పించి టిమ్ క్రుల్‌ను దింపాడు. క్రుల్ రెండు ఆపాడు, నెదర్లాండ్స్ గెలిచింది. సెమీఫైనల్లో మార్పులన్నీ అయిపోవడంతో సిల్లెసెనే నిలబడ్డాడు, జట్టు షూటౌట్‌లో ఓడింది. ఒక మార్పును 120వ నిమిషం దాకా దాచుకోగలిగితేనే ఈ ఎత్తు పనికొస్తుంది. క్వార్టర్ ఫైనల్‌కు ముందు ఆ పథకం క్రుల్‌కు తెలుసు, సిల్లెసెన్‌కు తెలియదు. అలా దాచడం నాకు నచ్చదు.

అభ్యాసం. ఈసారి పట్టిక ఇవ్వను. ఒకే కీపర్ ఆడిన మూడు పూర్తి మ్యాచ్‌లు ఎంచుకోండి. వాటిలో ఒకటి అతని జట్టు ఓడినదై ఉండాలి. ధ్వని తీసేసి, కెమెరాకు కనిపించినంతసేపూ కీపర్‌నే చూడండి. షాట్లను మూడు కుప్పల్లో వేయండి. అతను గీత వదిలి వచ్చిన ప్రతిసారీ నిమిషం రాసి, చేరాడా, ఆగాడా అని గుర్తు పెట్టండి. ఆ తరువాత అదే దేశానికి చెందిన మరో కీపర్‌తో ఇదంతా మళ్ళీ చేయండి. ఇద్దరిలో ఒకరిని ఎంచుకున్నాక, ఎంపిక కానివాడికి పది వాక్యాల ఉత్తరం రాయండి: ఎందుకు కాలేదో, ఏది మారితే అవుతాడో. ఆ ఉత్తరంలో క్లీన్ షీట్ అన్న మాట రాకూడదు. మీరు పంపేవాటిలో నేను ముందుగా చదివేది దాన్నే.