‘ఒకేలా ఉంది’ అని ఇంగ్లీషులో చెప్పడం ఎలా?

కవల పిల్లలు ఒకేలా ఉన్నారంటాం. హాస్టల్లో కూర రోజూ ఒకేలా ఉందంటాం. పాల ధర మూడు నెలలుగా ఒకేలా ఉందంటాం. తెలుగులో ఈ ఒక్క మాటతో పని జరిగిపోతుంది. మెచ్చుకుంటున్నామో విసుక్కుంటున్నామో మన గొంతే చెబుతుంది. ఇంగ్లీషులో మాత్రం ఆ పని చాలావరకు మాటే చేయాలి.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. మొదటి ఉద్యోగంలో, తోటి ఉద్యోగి గురించి నాలుగు మంచి మాటలు రాయమంటే, అతని పని ‘మొనాటనస్’గా ఉంటుందని రాసి పంపాను. ఎప్పుడూ ఒకే నాణ్యతతో చేస్తాడని నా ఉద్దేశం. చదివినవాళ్లకేమో అతని పని చూస్తే ఆవలింతలు వస్తాయని అర్థమైంది. నేను రాయాల్సింది ‘కన్సిస్టెంట్’.

1. ముందు ఏ రకం ‘ఒకేలా’నో తేల్చుకోండి

పీటర్ మార్క్ రోజే అనే బ్రిటిష్ వైద్యుడు 1852లో ఇంగ్లీషు మాటలను అక్షర క్రమంలో కాకుండా అర్థాల వారీగా పేర్చి ‘థెసారస్’ ప్రచురించాడు. అందులో ఐడెంటిటీ (అచ్చంగా ఒకటే కావడం) 13వ పద్దు, యూనిఫార్మిటీ (అంతటా ఒకేలా ఉండటం) 16, సిమిలారిటీ (పోలిక) 17. మనం ఒకే గాటన కట్టేసే వాటిని ఆయన మూడు గదుల్లో పెట్టాడు. మీరు కూడా రాసే ముందు ఇలా అడిగి చూసుకోండి: రెండు వస్తువులను పోలుస్తున్నానా? ఒక వస్తువులో అంతటా తేడా లేదంటున్నానా? రోజులు గడిచినా మారలేదంటున్నానా?

2. రెండు వస్తువులైతే పదో తరగతి లెక్కలు గుర్తు తెచ్చుకోండి

సరూప త్రిభుజాలకు ఆకారం ఒకటే, పరిమాణం వేరు కావచ్చు. అవి ‘సిమిలర్’. సర్వసమాన త్రిభుజాలను ఒకదాని మీద ఒకటి పెడితే అతికినట్టు సరిపోతాయి. లెక్కల్లో వాటిని ‘కంగ్రుయెంట్’ అంటారు, మామూలు మాటల్లో ఆ చోటు ‘ఐడెంటికల్’ది. పోలిక ఉంటే సిమిలర్, తేడా కనిపెట్టలేకపోతే ఐడెంటికల్.

‘సేమ్’ దగ్గర ఇంకో చిన్న చిక్కుంది. ఇద్దరూ ‘ది సేమ్ బస్’లో వచ్చారంటే బస్సు ఒక్కటే. ‘ఐడెంటికల్ బసెస్’ అంటే బస్సులు రెండు, చూడ్డానికి తేడా లేదు. సేమ్ ముందు దాదాపు ఎప్పుడూ ‘ది’ ఉండాలి. పరీక్షలోనో ఆఫీసు మెయిల్లోనో ‘సేమ్ లైక్’ బదులు ‘ది సేమ్ యాజ్’ అని రాయండి. సిమిలర్ తర్వాత ‘టు’ వస్తుంది. ఇక ‘సేమ్ టు సేమ్’ మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, నాకూ ఇష్టమే, కానీ బయటివాళ్లకు ‘ఎగ్జాక్ట్‌లీ ది సేమ్’ అనాలి.

3. ఒక వస్తువు లోపలి సంగతైతే

సైన్సు పుస్తకంలోని సజాతీయ మిశ్రమమే ‘హోమోజీనియస్’. ఉప్పు పూర్తిగా కరిగిన నీళ్లను ఏ మూల నుంచి తీసినా అదే ఉప్పదనం. పాల ప్యాకెట్ మీద హోమోజినైజ్డ్ అని ఉంటే, కొవ్వును సన్నటి రేణువులుగా చేసి పాలంతటా కలిపేశారన్న మాట. అందుకే వాటి మీద మీగడ సరిగా కట్టదు. మనుషులకూ ఈ మాట వాడతారు: అందరూ ఒకే నేపథ్యం నుంచి వచ్చిన గుంపు ‘హోమోజీనియస్ గ్రూప్’.

‘యూనిఫాం’ అనగానే మనకు బడి బట్టలే గుర్తొస్తాయి. దోసె అంతటా ఒకే మందంలో ఉన్నా యూనిఫామే, రూలు అందరికీ ఒకేలా వర్తించినా యూనిఫామే. ఇందులో పొగడ్తా లేదు, తిట్టూ లేదు.

4. కాలంతో మారనిదైతే

విదేశీ చదువుల కోసం రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో, అకడమిక్ రైటింగ్ మొదటి టాస్క్‌లో గ్రాఫ్ ఇస్తే చాలామంది తడబడేది ఇక్కడే. గీత అడ్డంగా పోతుంటే ‘రిమెయిన్డ్ కాన్‌స్టంట్’ లేదా ‘రిమెయిన్డ్ స్టేబుల్’. ‘స్టెడీ’ దీనికీ పనికొస్తుంది, ఒకే వేగంతో పెరుగుతున్న దానికీ పనికొస్తుంది. కాబట్టి ‘స్టెడీ ఇంక్రీజ్’ సరైనదే. ‘స్టేబుల్ ఇంక్రీజ్’ అని మాత్రం రాయకండి.

5. విసుగు చెప్పాలంటే, దేని మీద విసుగో చూడండి

అసలు తిరకాసంతా ఇక్కడే. మనం సినిమా ‘రొటీన్’గా ఉందంటే అది తిట్టు. ఇంగ్లీషులో రొటీన్ చాలాసార్లు మామూలు మాటే, తిట్టు కాదు. డాక్టర్ ‘రొటీన్ చెకప్’ అంటే కంగారు పడొద్దని అర్థం. సినిమాను తిట్టాలంటే ‘ఫార్ములాయిక్’ లేదా ‘ప్రెడిక్టబుల్’ అనండి. మన ‘మూస సినిమా’కి మొదటిది సరిగ్గా సరిపోతుంది.

గొంతులో ఎత్తుపల్లాలు లేకపోతే ‘మొనాటనస్’. గ్రీకులో మోనోస్ అంటే ఒకటి, టోనోస్ అంటే స్వరం. అందుకే ఉపన్యాసానికి ఈ మాట చక్కగా అతుకుతుంది. పలికేటప్పుడు ‘నా’ మీద ఒత్తు పెట్టాలి. పాడిందే పాడరా పాచిపళ్ల దాసరా అన్నట్టుంటే ‘రిపెటిటివ్’. ఎంత చేసినా తరగక ప్రాణం తీసే పని ‘టీడియస్’: వెయ్యి వరసల ఎక్సెల్ షీటును చేత్తో సరిచూడటం లాంటిది. కూర చప్పగా ఉంటే ‘బ్లాండ్’, కానీ రోజూ అదే కూరైతే బ్లాండ్ కాదు. అది ఘుమఘుమలాడే గుత్తివంకాయే కావచ్చు. అప్పుడు మెనూ ‘లాక్స్ వెరైటీ’ అనాలి. గేటెడ్ కమ్యూనిటీలో గుర్తుపట్టలేనట్టు వరసగా నిలబడ్డ విల్లాలకు అమెరికావాళ్లు ‘కుకీ కట్టర్’ అంటారు, అంటే బిస్కెట్లు కోసే అచ్చు.

అచ్చు అంటే గుర్తొచ్చింది. స్టీరియోటైప్ (ఫలానావాళ్లంతా ఇంతే అనే మూస అభిప్రాయం), క్లీషే (వాడి వాడి అరిగిపోయిన మాట) అన్నవి రెండూ ఫ్రాన్స్ ముద్రణశాలల్లోంచి వచ్చిన మాటలే. పేర్చిన అక్షరాల పేజీని లోహపు పలకగా పోతపోసి, మళ్లీ మళ్లీ అదే అచ్చువేసేవారు. మన ‘అచ్చు గుద్దినట్టు’లోనూ అలాంటి అచ్చే ఉంది, కాకపోతే అందులో ముద్దుంది. కొడుకు అచ్చు గుద్దినట్టు తండ్రే అనడానికి స్టీరియోటైప్ వాడితే గొడవలవుతాయి. అక్కడ ‘స్పిటింగ్ ఇమేజ్’ అనాలి.

ఇంకొకటి. బోర్ కొడుతున్నది మీకైతే ‘ఐ యామ్ బోర్డ్’. ‘ఐ యామ్ బోరింగ్’ అంటే మీరే ఎదుటివాళ్లకు బోర్ కొడుతున్నారని ఒప్పుకున్నట్టు.

6. చివరగా పక్కమాటతో సరిచూసుకోండి

నిఘంటువులో అర్థం చదివి ఆగిపోకుండా, కింద ఇచ్చే ఉదాహరణ వాక్యాలు చూడండి. మొనాటనస్ పక్కన వాయిస్, వర్క్ కనిపిస్తాయి. కన్సిస్టెంట్ పక్కన క్వాలిటీ, పెర్ఫార్మెన్స్ కనిపిస్తాయి. నేను ఆ రోజు ఈ రెండు నిమిషాల పని చేసి ఉంటే, తోటి ఉద్యోగికి కాఫీ ఇప్పించి సర్దిచెప్పుకునే బాధ తప్పేది.