మీ సిస్టమ్ రాత్రిపూట ఎవరితో మాట్లాడుతోంది?

తిరుపతి బస్టాండ్ దగ్గర మా నెట్ సెంటర్‌లో ఆరు సిస్టమ్‌లు ఉన్నాయి, వాటిలో ఒకటి షట్టర్ దించేశాక కూడా రాత్రి రెండింటికి సరిగ్గా అరవై సెకన్లకోసారి ఒకే తెలియని ఇంటర్నెట్ అడ్రస్‌కి చిన్న ప్యాకెట్ (డేటా ముక్క) పంపుతోందని రూటర్ లాగ్‌లో (రూటర్ రాసుకునే చిట్టాలో) చూశాక నాకు నిద్ర పట్టలేదు. యాంటీవైరస్ మాత్రం అంతా బాగుందనే చెప్పింది.

ముందు మామూలుగా ఎలా ఉంటుందో తెలియాలి. రెండు వారాల పాటు ఒక్కో సిస్టమ్ గంటగంటకూ ఎంత డేటా పంపింది, ఎంత తెచ్చుకుంది, ఎన్ని కొత్త అడ్రస్‌లకు, ఏ పోర్టుల్లో (ఒక్కో రకం పనికి వాడే నంబరు దారుల్లో) కనెక్ట్ అయిందో ఎక్సెల్‌లో వేయండి. అన్నిటినీ కలిపేయకండి, బిల్లింగ్ సిస్టమ్ తీరు వేరు, ప్రింటౌట్లది వేరు. 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజు ట్రాఫిక్ ఒక్కసారిగా ఎగురుతుంది, ఆ రోజుల్ని విడిగా పెట్టకపోతే లెక్కంతా పాడవుతుంది.

తర్వాత గంటవారీ సగటు, స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటుకి మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతాయో చెప్పే లెక్క) తీసి, సగటు కన్నా మూడు డీవియేషన్లు దాటితే గడి ఎర్రబడేలా పెట్టండి. అయితే అంకె పెద్దదవడమే గుర్తు కాదు. మా దాంట్లో బయటికి వెళ్లిన డేటా చాలా తక్కువ, పట్టించింది ఆ టైమింగే. మనుషులు అంత కచ్చితంగా క్లిక్ చేయరు. అప్‌డేట్ ప్రోగ్రాములూ ఇలాగే చేస్తాయి కాబట్టి తెలిసినవాటిని పక్కన పెట్టండి. మెయిల్ సర్వర్ కాని సిస్టమ్ పోర్టు 25లో (మెయిల్ పంపే దారిలో) బయటికి వెళ్తుంటే మాత్రం వెంటనే చూడండి, స్పామ్ పంపుతుండొచ్చు.

అనుమానం వస్తే కమాండ్ ప్రాంప్ట్‌లో netstat -ano కొట్టి, చివరి కాలమ్‌లోని పీఐడీని (నడుస్తున్న ప్రోగ్రామ్ నంబరుని) టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో వెతకండి, ఏ ప్రోగ్రామో తెలుస్తుంది. అది మీరు వేసింది కాకపోతే మొదట లాన్ వైరు పీకేయండి, భక్తుల ఆధార్ కాపీలు అందులోనే ఉంటాయి కదా.