ఊపిరి మందగించినప్పుడు: అమెరికాలోని తెలుగు ఇళ్లకు నాలోక్సోన్ గురించి

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల కోసం, ముఖ్యంగా "మా ఇంట్లో మాదకద్రవ్యాల్లాంటివి ఉండవు" అని మనస్ఫూర్తిగా నమ్మే తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. 1996లో ఆక్సికాంటిన్ అనే నొప్పి మాత్ర మార్కెట్లోకి వచ్చాక అలాంటి మాత్రలను విచ్చలవిడిగా రాసివ్వడంతో మొదలైన అమెరికా మాదకద్రవ్యాల విపత్తు, 2010 ప్రాంతంలో హెరాయిన్‌కూ, 2013 తర్వాత ఫెంటానిల్ అనే అతి శక్తిమంతమైన మత్తుమందుకూ మళ్లింది. 2022లో మాదకద్రవ్యాల మోతాదు మించి ఆ దేశంలో 1,07,000 మందికి పైగా చనిపోయారు. 2024 నాటికి ఆ సంఖ్య సుమారు 80,000కు తగ్గింది. తగ్గడానికి గల కారణాల్లో ఆగిపోతున్న ఊపిరిని తిరిగి తెచ్చే నాలోక్సోన్ అనే మందు మామూలు మనుషుల చేతికి అందడం ఒకటని చాలామంది వైద్యులు భావిస్తున్నారు. ఆ మందు మన ఇళ్లలో కూడా ఉండాలన్నదే నేను చెప్పదలచుకున్న మాట.

మార్ఫిన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్, ట్రమడాల్, హెరాయిన్, ఫెంటానిల్ వంటి నల్లమందు జాతి మందులన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. మోతాదు మించినప్పుడు ఇవి ఊపిరి తీసుకోమని మెదడు ఇచ్చే ఆదేశాన్నే అణచివేస్తాయి కాబట్టి, మనిషి నిద్రపోతున్నట్టే కనిపిస్తూ శ్వాస ఆగి చనిపోతాడు. నాలోక్సోన్ మెదడులో ఆ మందును దాని స్థానం నుంచి తోసేసి ఊపిరి తిరిగి వచ్చేలా చేస్తుంది. నార్కాన్ పేరుతో దొరికే 4 మిల్లీగ్రాముల ముక్కు స్ప్రేను డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి 2023 మార్చిలో అనుమతి వచ్చింది. రెండు స్ప్రేలు ఉన్న పెట్టె మందుల దుకాణంలో సుమారు 45 డాలర్లకు దొరుకుతుంది. చాలా కౌంటీల ఆరోగ్య శాఖలు దీన్ని ఉచితంగానే ఇస్తాయి. దీన్ని ఎండలో నిలిపిన కారులో వదిలేయకూడదు, గడువు తేదీని మధ్యమధ్య చూసుకుంటూ ఉండాలి.

ప్రమాదాన్ని గుర్తుపట్టడం దగ్గరే మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. అర్ధరాత్రి కొడుకు గదిలోంచి గరగరమని గురక వినిపిస్తే "పాపం, అలసిపోయాడు, పడుకోనీ" అని తలుపు దగ్గరగా వేసి వచ్చేస్తారు. ఆ గరగర ఊపిరి అందని గొంతు శబ్దం కావచ్చు. పేరు పెట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే పిడికిలి కణుపులతో రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దండి. అప్పటికీ కదలిక లేకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా ఆగిపోయినా, కంటిపాప గుండుసూది మొనంతగా కుంచించుకుపోయి కనిపించినా ఇక ఆలస్యం చేయకూడదు. పెదవులు నీలంగా మారతాయని పుస్తకాల్లో రాస్తారు గానీ, మన చామనఛాయ ఒంటి మీద ఆ నీలం సరిగ్గా తెలియదు. అందుకని పెదవుల లోపలి వైపూ, గోళ్ల కిందా బూడిద రంగు కనిపిస్తోందేమో చూడాలి.

వెంటనే 911కు ఫోన్ చేసి, ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి, "మనిషి ఊపిరి తీసుకోవడం లేదు" అన్న మాటా, ఇంటి చిరునామా ముందు చెప్పండి. మనవల కోసం వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలకు ఇంగ్లిష్ రాకపోతే "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పినా చాలా కేంద్రాలు ఫోన్‌లోనే దుబాసీని కలుపుతాయి. చిరునామాను ఇంగ్లిష్‌లోనూ, దాని ఉచ్చారణను తెలుగులోనూ రాసి ఫ్రిజ్ మీద అంటించి ఉంచడం మంచిది.

ఆ తర్వాత మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద చెయ్యి పెట్టి తలను వెనక్కి వంచండి. స్ప్రే ప్యాకెట్ వెనకనున్న రేకును ఒలిచి, బొటనవేలును కింది మీట మీద, చూపుడు వేలునూ మధ్య వేలునూ గొట్టానికి అటూ ఇటూ ఉంచి పట్టుకోండి. మీ వేళ్లు అతని ముక్కుకు తగిలే దాకా గొట్టాన్ని ఒక రంధ్రంలోకి దూర్చి, మీటను ఒక్కసారిగా పూర్తిగా నొక్కండి. పనిచేస్తుందో లేదో చూద్దామని ముందుగా గాలిలోకి నొక్కకండి, ఎందుకంటే అందులో ఉండేది ఒకే ఒక మోతాదు. శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ పొరపాటే నాకు తరచుగా కనబడుతుంది. శ్వాస ఇంకా రాకపోతే ముక్కు మూసి, నోటి ద్వారా 5 సెకన్లకు ఒకసారి ఛాతీ పైకి లేచేలా ఊపిరి ఊదండి. 2, 3 నిమిషాలకూ మార్పు లేకపోతే రెండో స్ప్రేను రెండో రంధ్రంలో వాడండి. నాడి కూడా అందకపోతే ఛాతీ నొక్కడం ఎలాగో 911 వారే ఫోన్‌లో చెబుతారు.

ఊపిరి తిరిగి వచ్చాక మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, అక్కడే కూర్చోండి. నాలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే ఉంటుంది గనుక, లోపలున్న ఫెంటానిల్ అంతకంటే ఎక్కువసేపు పనిచేస్తే శ్వాస మళ్లీ ఆగవచ్చు. "ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఆసుపత్రి ఎందుకు, నలుగురికీ తెలుస్తుంది" అనుకోవడం చాలా ప్రమాదం. లేచిన మనిషి కోపంతో అరవవచ్చు, వాంతి చేసుకోవచ్చు, అది నాలోక్సోన్ మత్తును ఒక్కసారిగా విడగొట్టడం వల్ల వచ్చిన బాధ మాత్రమే. అసలు అతను మింగింది ఓపియాయిడ్ కాకపోయినా నాలోక్సోన్ వల్ల హాని జరగదు, కాబట్టి సందేహంలో ఉన్నా వాడవచ్చు.

మనకు అలవాటైన ఇంటి వైద్యాలు ఇక్కడ పనికిరావు. ఉల్లిపాయ కోసి వాసన చూపించడం, ఉప్పునీళ్లు తాగించి కక్కించడం, నిమ్మరసమో మజ్జిగో నోట్లో పోయడం, తల మీద చన్నీళ్లు గుమ్మరించడం వల్ల నిమిషాలు వృథా అవుతాయి. స్పృహ లేని మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

వీసా మీద ఉన్న విద్యార్థులు పోలీసులకు భయపడి, స్నేహితుణ్ణి గదిలో వదిలేసి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. సహాయం కోసం ఫోన్ చేసిన వారిని మాదకద్రవ్యాల కేసుల నుంచి కొంతవరకు కాపాడే చట్టాన్ని 2007లో న్యూ మెక్సికో మొదటగా తెచ్చింది, ఇప్పుడు దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ అలాంటివి ఉన్నాయి. అయితే అవి రాష్ట్ర చట్టాలు, రక్షణ ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటుంది, వలస చట్టం వేరు. వీసా సంగతి మరుసటి రోజు న్యాయవాదితో మాట్లాడవచ్చు, ఆ రాత్రి మాత్రం ఫోన్ చేయాల్సిందే.

ఇక ముందు జాగ్రత్త. జ్ఞానదంతం తీయించుకున్నప్పుడో, ఆపరేషన్ తర్వాతో మిగిలిన నొప్పి మాత్రలను "ఎప్పుడైనా పనికొస్తాయి" అని దాచవద్దు. మందుల దుకాణాల్లో ఉండే సేకరణ పెట్టెలలోనో, ఏటా ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ జరిగే సేకరణ రోజులలోనో ఇచ్చేయండి. ఫోన్ యాప్‌లలో పరిచయమైన వారి దగ్గర కొన్న ఏ మాత్రా, పరీక్షల కోసమైనా నిద్ర కోసమైనా, అసలుదని నమ్మడానికి లేదు. ఫెంటానిల్ కలిసిన నకిలీ మాత్రలను 2024లో అమెరికా ప్రభుత్వ ప్రయోగశాలలు పరీక్షించినప్పుడు ప్రతి 10లో 5 ప్రాణం తీయగల మోతాదుతో ఉన్నాయి.

అలవాటు పడిన బిడ్డ ఉంటే, కొన్నాళ్లు గదిలో పెట్టి మాన్పించడం వైద్యం కాదు. కొన్ని వారాలు ఆగిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు గనుక, మళ్లీ మొదలుపెట్టిన రోజే ప్రాణం పోవచ్చు. ఈ అలవాటుకు వైద్యంగా ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ అనే మందులు (ఇవి కూడా ఓపియాయిడ్లే) మరణాలను దాదాపు సగానికి తగ్గిస్తాయి. బ్యూప్రెనార్ఫిన్ రాయాలంటే వైద్యులకు ప్రత్యేక అనుమతి ఉండాలన్న నిబంధనను 2022 చివరలో తొలగించారు కాబట్టి ఇప్పుడు మీ కుటుంబ వైద్యుడు కూడా దాన్ని రాయవచ్చు, అత్యవసర విభాగంలోనే మొదలుపెట్టమని కూడా అడగవచ్చు. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు పెడుతున్నారు" అనే పెద్దలకు నేను చెప్పేది ఒకటే: షుగరు ఉన్నవాడు ఇన్సులిన్ తీసుకుంటే దాన్ని మనం వ్యసనం అనం. "ఇండియా పంపించేద్దాం" అనుకునే ముందు అక్కడ మందు ఆగకుండా దొరికే ఏర్పాటు చేసుకోండి. దారి తెలియకపోతే 1-800-662-4357 అనే ప్రభుత్వ సహాయ నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

గుడి కమిటీలు, తెలుగు సంఘాలు చేయగలిగింది కూడా ఉంది. కౌంటీ ఆరోగ్య శాఖను పిలిస్తే చాలాచోట్ల వారే వచ్చి, గంటలోపు శిక్షణ ఇచ్చి, స్ప్రేలు ఇచ్చి వెళ్తారు. ఈ విపత్తుకు గాను మందుల కంపెనీలు, పంపిణీదారులు కట్టిన వేల కోట్ల డాలర్ల పరిహారంలో కొంత భాగం కౌంటీలకు వస్తోంది, దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో తేల్చే సమావేశాలకు మనవాళ్లు వెళ్లి అడగాలి. గుడిలో ప్రథమ చికిత్స పెట్టె పక్కనే రెండు స్ప్రేలు ఉంచండి. వాటిని తాళం వేసిన ఆఫీసు గదిలో పెట్టవద్దు, అవి ఎక్కడున్నాయో వంటశాలలో ఉండేవారికీ, చెప్పుల స్టాండ్ దగ్గర నిలబడే పిల్లలకూ తెలియాలి.